పుర్రచేతి వల

ఇళ్లల్లో పగిలిపోయిన సామాను ఏమున్నా తెచ్చివ్వమంటే షామీర్‌పేట ఆడవాళ్లు ముందు నవ్వారు. పాత ఇనుముకు ఉల్లిగడ్డలు తూచి ఇచ్చేవాళ్లను ఎరుగుదురు గానీ, పగిలిన చాయ్ కప్పుల కోసం కారేసుకొని వచ్చే మనిషిని వాళ్లెన్నడూ చూడలేదు. ఆ వచ్చినామె పేరు ధరణి. బొమ్మలు వేయడం చదువుకున్న పిల్ల. పుట్టింది భీమవరం, ఉండేది పేట్ బషీరాబాద్. ఎయిర్‌పోర్టులో ముప్పై అడుగుల గోడ ఒకటి ఖాళీగా ఉందట. దాని మీద మేడ్చల్, షామీర్‌పేట ఊళ్ల బతుకంతా టైల్సు ముక్కలతో బొమ్మ కట్టాలట. అదీ ఊరివాళ్ల చేతులతో, ఊరివాళ్ల ముక్కలతో కట్టాలట.

"మనం పలగ్గొట్టిన కప్పులు సూడనీకి ఇమానమెక్కి వస్తరా మంది?" అని వాళ్లల్లో ఒకామె, శైలజ, కిసుక్కున నవ్వింది. నవ్విందే గానీ, మర్నాడు అందరికంటే ముందు రెండు కప్పులు, ఒక సాసరు కొంగున కట్టుకొని వచ్చింది కూడా ఆమే.

యాదవ్వ వచ్చింది మాత్రం పనికోసం. బౌరంపేట్ విల్లాల దగ్గర మేస్త్రీ కింద టైల్సు మోసిన మనిషి. అక్కడ ఒక ముక్క పగిలితే ఏడు తరాల దాకా తిట్లు పడేవి. ఇక్కడ పగలగొట్టడమే పని. పైగా ధరణి ఆమెను "యాదవ్వగారూ" అని పిలిచేది. నలభై ఆరేళ్లలో తన పేరు పక్కన గారు పడడం యాదవ్వకు అదే మొదలు. మొదటి రెండు రోజులూ పిలిచింది తననే అని తెలియక ఆమె పలకనే లేదు.

చెరువు పక్కన మత్స్యకారుల సంఘం హాలు ఉంది. అందులో నేలంతా గోధుమరంగు కాగితాలు పరిచి, వాటి మీద నల్లగా బొమ్మలు గీసి ఉంచారు. నాట్లు వేసేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు, బోనమెత్తిన ఆడమనిషి. వాకిలి పక్కన ఆఖరి కాగితం మీద వల విసిరే మనిషి. పంచె ఎగగట్టి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, నడుం తిప్పి వల విసురుతున్నాడు. ఎడమచేత్తో విసురుతున్నాడు.

యాదవ్వ కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

ఆమె పెనిమిటి లింగం పుర్రచేతి మనిషి. అన్ని పనులకూ ఎడమచెయ్యే ముందుకొచ్చేది. పసితనంలో వాళ్లమ్మ బుచ్చవ్వ అన్నం పెట్టేటప్పుడు ఆ చేతిని తన కొంగుతో గుంజకు కట్టేసి కూర్చోబెట్టేదట. పెళ్లిలో పుస్తె కట్టడానికి ఎడమచెయ్యి ముందుకు రాగానే అందరి ముందూ ఆ చేతి మీద చురుక్కుమని ఒకటిచ్చింది. పెళ్లికూతురుగా ఉన్న యాదవ్వకు ఆ రోజు నవ్వు ఆగలేదు. అంత చేసినా లింగం కుడిచేతికి నేర్పుకున్నది ఒక్క అన్నం తినడమే. వల మాత్రం పుర్రచేతిదే. చెరువులో పదిమంది విసురుతుంటే తొమ్మిది వలలు ఒక వైపు విచ్చుకునేవి, ఒక్కటి రెండో వైపు విచ్చుకునేది. సద్ది పట్టుకొని కట్ట ఎక్కిన యాదవ్వకు మొఖాలు కనబడేంత దూరం కాదు. వల తిరిగే తీరు చూసి, అగో, ఆయన అక్కడ, అనుకొని నడిచేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు లింగాన్ని దవాఖానకు తీసుకుపోయారు. మళ్లీ తీసుకురాలేదు. ఆఖరి చూపు లేదు, నోట్లో నీళ్లు పోసింది లేదు. ఆ రోజుల్లో అందరికీ అదే గతి కాబట్టి ఎవరి మీద ఏడవాలో కూడా తెలియలేదు. ఇంట్లో మిగిలింది ఆధార్ కార్డు మీద మసక మొఖం. ఆధార్ కార్డులో చేతులుండవు. నాలుగేళ్లుగా యాదవ్వకు ఒక్కటే కోరిక, ఆ మనిషిని ఆ తీరుగా ఒక్కసారి చూడాలని. తీరేది కాదని తెలిసీ మనసు వదల్లేదు.

"మేడమ్, గీయనను మీరు యాడ సూసిండ్రు?" అని అడిగింది, కాగితం మీంచి కళ్లు తీయకుండానే.

ధరణి అప్పుడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. "నెట్‌లో దొరికిందండీ, చెరువులో చేపలు పట్టే ఆయన ఫొటో. బాగుంది కదా?" అని మళ్లీ ఫోన్లో పడిపోయింది.

నెట్ అంటే ఏమిటో యాదవ్వకు తెలుసు. బిడ్డ అంకిత రోజంతా ఉండేది అందులోనే. ఆదివారాలు పట్నం నుంచి కెమెరాలు మెడలో వేసుకొని వచ్చేవాళ్లు కట్ట మీద వంగి, పడుకొని, చెరువును, కొంగలను, వలలను ఫొటోలు తీసుకుపోయేవాళ్లు. అందులో ఎవరో ఒకరు లింగాన్ని తీసి ఉంటారు. యాదవ్వకు ఇందులో అనుమానించాల్సినది ఏమీ కనబడలేదు. ఉన్న కొంచెం అనుమానమూ మల్లేశం తీర్చేశాడు. లింగంతో ఇరవై ఏళ్లు చెరువులో దిగినవాడు. సంఘం హాలు తాళాలు అతని దగ్గరే ఉంటాయి. కాగితం చూసి, "అరె, గిది మనోడే గదనే! షామీర్‌పేట చెర్ల పుర్రచేతి వల ఇంకెవనిది?" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"గీ బొమ్మ నేనే జేస్త. ఇంకెవ్వలు ముట్టొద్దు" అంది యాదవ్వ ఆ రోజే. ధరణి సంతోషంగా తలూపింది. ఇంత ఇష్టంగా పని అడిగి తీసుకునేవాళ్లు ఆమెకు ఎక్కడ దొరుకుతారు?

పని పద్ధతి మొదట్లో అందరికీ తికమకగానే ఉండేది. టైలును పట్టుకారుతో గోరంత గోరంత ముక్కలు చేసి, రంగున్న మొఖానికి మైదా జిగురు రాసి, ఆ మొఖాన్నే కాగితానికి అతికించాలి. మనకు కనబడేది ముక్కల వీపులే. అంతా అయ్యాక కాగితాన్ని ఎత్తి, ఆ వీపులను గోడకు సిమెంటుతో కరిపించి, పైన ఉన్న కాగితాన్ని తడిపి ఊడదీస్తే అప్పుడు మొఖాలు బయటపడతాయి. ధరణి ఇదంతా మొదటి రోజే చెప్పింది. చెప్పి, వీళ్లకు బాగా అర్థం కావాలని వీళ్ల మాటే ఏరి వాడింది.

"ఇదంతా ఉల్టా చేస్తున్నామండీ. గుర్తుపెట్టుకోండి. గోడ మీదికి ఎక్కాక సరిగ్గా కనిపిస్తుంది."

ఉల్టా అంటే బోర్లా. బోర్లించిన గిన్నె ఉల్టా, తిరగేసి తొడుక్కున్న అంగీ ఉల్టా. అందరూ సరే అన్నారు. ముక్క బోర్లా పెట్టాలన్నమాట, అంతే కదా. కుడి ఎడమ అవుతుందన్న సంగతి ఆ మాటలో వాళ్లెవరికీ వినిపించలేదు. వినిపించలేదని ధరణికీ తెలియలేదు.

మూడు నెలలు పట్టింది. యాదవ్వ కింది నుంచి మొదలుపెట్టింది. ముందు నీళ్లు, తర్వాత పాదాలు. ఇంట్లో బుచ్చవ్వకు కళ్లలో పొర కమ్మింది, కాళ్లు రావు. కోడలు ఇల్లు చేరగానే గడపలో కూర్చొనే అడిగేది.

"ఏడిదాంక వచ్చిండే?"

"మోకాళ్ల దాంక వచ్చిండు అత్తమ్మా."

మరో వారానికి, "ఇప్పుడు?"

"నడుం దాంక."

"చెయ్యెప్పుడొస్తది?"

"వస్తది. జల్దీ పడకు."

ముసలామె చెయ్యి గురించే అడిగేది. మొఖం గురించి అడగలేదు. కొడుకు పోయినప్పటి నుంచీ ఆమె నోట ఆ కొంగు, ఆ గుంజ ప్రస్తావన రాలేదు. కానీ ఒక్కోసారి కూర్చున్నచోటే కొంగు చివర వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టేది. యాదవ్వ అది చూసేది.

నీళ్లకు ఆకుపచ్చ ముక్కలు తక్కువపడ్డాయి. ఆ రోజు యాదవ్వ ఇంట్లోంచి ఒక చిన్న మూట తెచ్చింది. అవి ఆమె పచ్చ గాజుల ముక్కలు. మొగుడు పోయిన పదోనాడు చెరువు గట్టున పగలగొట్టినప్పుడు ముక్కలను నీళ్లలో వేయాలి. ఆ రోజు నలుగురే ఉన్నారు, అందరి కళ్లలోనూ భయమే. ఎవరూ చూడకుండా యాదవ్వ వాటిని కొంగులో వేసుకుంది. ఇప్పుడు వాటిని ఆయన పాదాల చుట్టూ ఒక్కొక్కటే అతికిస్తుంటే శైలజ చూసింది.

"ఏందక్కా, గవి గట్ల పెడ్తరా ఎవరన్నా? మంచిది గాదు."

"నీళ్లల్ల ఎయ్యాల్సినయే. నీళ్లల్లనే ఏస్తున్న" అంది యాదవ్వ. శైలజ పక్కన కూర్చొని జిగురు రాసి ముక్కలు అందించింది.

చెయ్యి పూర్తయిన రోజు యాదవ్వ పని ఆపి చాలాసేపు అలాగే కూర్చుంది. కాగితం మీద ముక్కల వీపులే, మట్టిరంగే. అయినా ఆ భుజం, ఆ మోచేయి ఆమెకు తెలుసు. వేళ్ల దగ్గర ముక్కలను మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టింది. నాలుగేళ్ల తర్వాత ఆమెకు ఆ రోజు గుండె నిండినట్టయింది. ఇంటికి పోయి అత్తతో ఒక్కటే మాట చెప్పింది, "చెయ్యొచ్చింది." బుచ్చవ్వ రెండు చేతులూ ఎత్తి, ఎటో తెలియని దిక్కుకు దండం పెట్టింది.

కాగితాలన్నీ అట్టల మీద పెట్టి, లారీలో వేసుకొని పోయారు. నెల తర్వాత గోడ తయారైందనీ, చేసినవాళ్లందరినీ బస్సులో తీసుకుపోయి చూపిస్తామనీ కబురు వచ్చింది. ముందు రోజే ఆధార్ కార్డులు తీసుకొని పాసులు చేయించారు. యాదవ్వ పెట్టెలోంచి మంచి చీర తీసింది. అంకిత కాలేజీ మానేసి తల్లి వెంట బయల్దేరింది.

బయల్దేరేటప్పుడు బుచ్చవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నాకోసం ఒక్క పని జేసి రా యాదీ. వాని పుర్రచెయ్యి ముట్టి రా. మీ అమ్మ ముట్టమన్నదని జెప్పు."

"సరే అత్తమ్మా."

"మరువకు. కట్టేసిన చెయ్యది. ముట్టి రా."

యాదవ్వ ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. తలూపి బస్సెక్కింది.

బస్సులో పాటలు, అరుపులు. ఔటర్ రింగు రోడ్డు మీద విల్లాలు వెనక్కి పోతుంటే ఆడవాళ్లు ఏ ఇంటికి ఎవరు టైల్సు మోశారో లెక్కపెట్టుకున్నారు. ఎయిర్‌పోర్టు దగ్గర మూడుచోట్ల ఆపి, సంచులు విప్పించి, లోపలికి పంపారు. విమానం దిగినవాళ్లు సామాను తోసుకుంటూ బయటికి వచ్చే దారిలో ఉంది ఆ గోడ.

గోడను చూడగానే అందరూ ఒక్కసారి కేక వేశారు. ఆ మట్టిరంగు వీపులు పోయి రంగులన్నీ బయటపడ్డాయి. శైలజ తన సాసరు ముక్క బోనం కుండ మీద కనిపెట్టి, "అగో నాదే! సాసర్ నాదే!" అని ఎగిరింది. సూటు వేసుకున్న మనిషెవరో నవ్వి ఆమెను ఫొటో తీశాడు.

యాదవ్వ గోడ కుడి చివరకు పోయింది. హాల్లో వాకిలి పక్కన లింగం ఉన్నది ఆ చివరే. అక్కడ నాట్లు వేసేవాళ్లున్నారు. తిరిగి ఎడమ చివరికి నడిచింది. అక్కడున్నాడు ఒక మనిషి, మోకాళ్ల లోతు నీళ్లలో, పంచె ఎగగట్టి. వల విసురుతున్నాడు. కుడిచేత్తో విసురుతున్నాడు.

ఆమె అటు జరిగి చూసింది, ఇటు జరిగి చూసింది. పాదాల చుట్టూ తన గాజు ముక్కలున్నాయి. ఆ పంచె అంచు తాను కోసిన తెల్లటి టైలే. అన్నీ తనవే. మనిషి మాత్రం తన మనిషి కాదు. కట్ట మీంచి ఈ వలను చూసి ఉంటే తాను ఇటువైపు నడిచేదే కాదు.

"మేడమ్," అని ధరణి చెయ్యి పట్టుకొని లాక్కొచ్చింది. "గీయన ఎవలు?"

"అదేంటండీ, మీరు చేసిన బొమ్మే కదా. ఎంత బాగా వచ్చిందో చూడండి."

"నేను జేసింది పుర్రచెయ్యి. గిది కుడిచెయ్యున్నది. ఎవలు మార్చిండ్రు?"

ధరణి నవ్వింది. "ఎవరూ మార్చలేదు యాదవ్వగారూ. మనం వెనక నుంచి చేశాం కదా, తిప్పగానే కుడి ఎడమా మారిపోతాయి. అందుకే కాగితం మీద నేనే తిరగేసి గీశాను. ఉల్టా అని మొదటి రోజే చెప్పాను కదండీ."

ఉల్టా. యాదవ్వ ఆ మాటను నోట్లోనే అనుకుంది. "మరి ఫొటోల? నెట్ల సూసిన ఫొటోల ఏ చెయ్యి?"

"కుడిచెయ్యే. ఎందుకండీ?"

"గది మా చెర్వే గదా మేడమ్? షామీర్‌పేటే గదా?"

ధరణి నవ్వు ఆగిపోయింది. ఆమెకు అప్పుడే ఏదో తగిలింది. "కాదండీ. ఎక్కడో కేరళ వైపు ఫొటో అది. ఎవరనుకున్నారు మీరు?"

యాదవ్వ పెనిమిటి పేరు నోటితో చెప్పదు. ఆ రోజూ చెప్పలేకపోయింది. పక్కనున్న అంకితే చెప్పింది, "మా నాయిన అనుకున్నది, అక్కా. మూడు నెలల సంది గట్లనే అనుకున్నది." చెప్పి తల తిప్పుకుంది.

ధరణి మొఖం తెల్లబోయింది. "నాకు తెలీదండీ... నిజంగా నాకు తెలీదు... మీరు ఒక్కమాట చెప్పి ఉంటే..." అంటూ యాదవ్వ రెండు చేతులూ పట్టుకుంది. ఎంత మంచి పిల్ల. ఎవరిని తిట్టాలి? ఒక మాట ఒకామె ఒక తీరుగా చెప్పింది, ఇంకొకామె ఇంకో తీరుగా వింది. అంతే జరిగింది. అంతదానికే యాదవ్వ మొగుడు రెండోసారి పోయాడు. ఈసారి కూడా ఆఖరి చూపు లేకుండానే పోయాడు.

పరాయి మనిషి కాళ్ల చుట్టూ తన గాజులు పెట్టింది. ఎవరో, ఏ ఊరో, పెళ్లాం పిల్లలున్నవాడో. సిగ్గుతో, దుఃఖంతో ఆమె ఒళ్లంతా మండిపోయింది. విమానం దిగినవాళ్లు పెట్టెలు గుంజుకుంటూ ముందు నుంచి పోతున్నారు. ఒకరిద్దరు బొమ్మ చూసి బాగుందన్నారు. యాదవ్వ గోడ దగ్గరకు పోయి, అడ్డంగా కట్టిన తాడు దాటి చెయ్యి చాపింది. ఆ మనిషి ఎడమచెయ్యి పక్కకు ఉంది, వల తాడు పట్టుకొని. దాన్ని ముట్టింది. చల్లగా ఉంది.

"అమ్మా, ముట్టుకోవద్దు" అన్నాడు సెక్యూరిటీ అతను, మెల్లగానే.

"నేనే జేసిన బిడ్డా," అంది యాదవ్వ. చెయ్యి మాత్రం తీసేసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరూ పాటలు పాడలేదు. శైలజకూ సంగతి తెలిసిపోయింది. అంకిత చెవిలో యాదవ్వ ఒకటే చెప్పింది, "అవ్వకు జెప్పకు. పుర్రచెయ్యే ఉన్నదని నేను జెప్త."

పొద్దు వాలకముందే ఇల్లు చేరారు. బుచ్చవ్వ గడపలోనే ఉంది. పొద్దున కూర్చున్నచోటే కూర్చొని ఉంది.

"ముట్టినవా?"

"ముట్టిన అత్తమ్మా."

"జెప్పినవా, నేను ముట్టమన్ననని?"

"జెప్పిన."

"ఎట్లున్నడు? పుర్రచెయ్యితోనే ఇసురుతున్నడా?"

యాదవ్వ దారిపొడుగునా ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పుకుంటూనే వచ్చింది. ఒక్క మాట, ఆ అంటే సరిపోయేది. ముసలామె పొర కమ్మిన కళ్లు తన మీదికే ఎత్తి చూస్తుంటే ఆ ఒక్క అక్షరం బయటికి రాలేదు.

"లేదత్తమ్మా. కుడిచెయ్యితోని ఇసురుతున్నడు."

అంతవరకే చెప్పగలిగింది. అది నీ కొడుకు కాదు, కేరళ మనిషి అని చెప్పడానికి నోరు రాలేదు.

బుచ్చవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంది. "కుడిచెయ్యా?" అంది. "ఇన్నడా? నా మాట ఇన్నడా వాడు?"

యాదవ్వ నిలబడిపోయింది. ఇది తాను అనుకోలేదు.

"బతికున్నన్ని దినాలు ఇనలే. కొట్టిన, కట్టేసిన, పెండ్లిల నలుగుర్ల ఇజ్జత్ తీసిన, ఇనలే. పోయినంక ఇన్నడు." ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎందుకిన్నడే యాదీ? ఇనొద్దని జెప్పకపోతివి? అమ్మ ఉత్తగనే అన్నది, నీ చెయ్యితోనే ఇసురు బిడ్డా అని జెప్పకపోతివి?"

ఇద్దరూ ఏడ్చారు. ఒకామె కొడుకు కోసం, ఒకామె పెనిమిటి కోసం. నిజం చెబుదామని యాదవ్వ రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ అంకిత తల్లి భుజం పట్టి ఆపింది.

అన్నం వేళకు అంకిత ముగ్గురికీ పళ్లేలు పెట్టింది. పప్పు వేసి, అవ్వ అడిగిన ఆకు కూడా తెచ్చి, ఆమె ముందుకు జరిపింది. బుచ్చవ్వ కుడిచేతిని ఒళ్లో పెట్టుకొని, ఎడమచేత్తో తడుముకుంటూ మొదటి ముద్ద కలిపింది. అలవాటు లేని చెయ్యి, సగం మెతుకులు పళ్లెంలోనే రాలిపోయాయి. మిగిలిన ముద్దను పక్కన ఆకు మీద, కొడుకు పేర పెట్టింది.

"అవ్వా, గది ఎడమచెయ్యి" అంది అంకిత మెల్లగా.

"ఎర్కనే బిడ్డా" అంది బుచ్చవ్వ.